స్వర్ణ పెన్సిల్ రాతలు

రోజూ ఐదింటికి చాయ్ పెట్టి మా అమ్మాయి స్వర్ణను చదువుకు లేపేదాన్ని. జ్వరంతో అది పోయాక, ఐదైనా పొయ్యి వెలిగించడం లేదు.

చిక్కడపల్లిలో మా కాలనీ సేవానిధికి డబ్బులైనా, పుస్తకాలైనా, చేతనైన పనైనా ఇవ్వవచ్చు. నేను స్వర్ణ చదివిన గ్రూప్స్ పరీక్షల పుస్తకాలు ఇస్తానన్నాను. వాటిలో అది రాసుకున్న పెన్సిల్ రాతలు చెరిపి ఇమ్మన్నారు నిధివాళ్లు.

వాటికోసం అశోక్ నగర్ హాస్టల్ నుంచి శ్రీలక్ష్మి అనే అమ్మాయి వచ్చింది. ఆదివారమే పరీక్షట. రబ్బరు పట్టుకున్నాను గానీ స్వర్ణ రాత మీద చెయ్యి ఆడలేదు. పుస్తకాలు ఇవ్వనని చెప్పేద్దామనుకున్నాను.

శ్రీలక్ష్మి పేజీ మీదికి వంగింది. "జర ఆగుండ్రి ఆంటీ, రుద్దకుండ్రి. నాకు సమజ్ కాని కాడనే అక్క రాసింది. మా కోచింగ్ సారు కంటె అక్కనే నయం. ఇది చెరిపితే మల్ల ఫెయిలైత."

రాతలు చెరపకుండానే పుస్తకాలన్నీ ఆమె చేతుల్లో పెట్టాను.