బాయిలో చెప్పకూడదనుకున్న పేరు

మా పాప అక్షితకు మూడేళ్లు నిండిన కొత్తలో, ఒక మధ్యాహ్నం పక్క వీధిలో పెళ్లి బ్యాండు మోగింది. పాప మంచం కిందికి దూరి రెండు చెవులూ మూసుకుంది. పేరు పెట్టి ఎంత పిలిచినా పలకలేదు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన కిటికీలు మూసి, పాప పక్కనే నేల మీద పడుకున్నాడు. "నాక్కూడ గట్లనే అయితది" అన్నాడు. ఆ మాట నేను పట్టించుకోలేదు. నా భయమంతా పాప గురించే.

గోదావరిఖనిలో చెవుల డాక్టర్‌కు చూపించాం. వినికిడి చూసే బెరా టెస్టు నార్మల్. కరీంనగర్‌లో డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్, అంటే పిల్లల ఎదుగుదల చూసే డాక్టర్, పాపతో చాలాసేపు ఆడి, "ఆటిజం స్పెక్ట్రమ్ అమ్మా. మందుతో తగ్గే జబ్బు కాదు, మెదడు తీరే వేరు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ మొదలుపెడదాం" అన్నారు. జబ్బు కాకపోతే థెరపీ ఎందుకని నాకు అనుమానం. తర్వాత ఆమె, ఇది కుటుంబంలో రావచ్చంటూ మా ఆయన చిన్నతనం గురించి అడగడం మొదలుపెట్టారు. కొన్ని వారాలకు క్లినికల్ సైకాలజిస్ట్ అసెస్‌మెంట్ చేసి ఆయనకూ అదే పేరు చెప్పారు.

ఆయన తేలికపడ్డాడు. నాకు మాత్రం కొలువు గుర్తొచ్చింది. ఆయనది బొగ్గుబాయి లోపల నీళ్లు తోడే పంపు దగ్గర పని. మా కాలనీలో తలకు సంబంధించిన డాక్టర్ కాగితమంటే ఒకటే అర్థం, మెడికల్ అన్‌ఫిట్. మనిషిని ఇంటికి పంపి, కొలువు ఇంట్లో ఇంకొకరికి ఇస్తారు. దానికోసం లేని రోగం తెచ్చుకుంటున్నారేమోనని ప్రతి ఒక్కరికీ పక్కవాళ్ల మీద అనుమానమే.

కరీంనగర్ బస్సు దిగుతుంటే పక్క క్వార్టర్ లక్ష్మక్క ఎదురైంది.

"మొగనికి బాగుంటలేదా ఏందే?"

"పాపకు, అక్కా."

"పాపకైతే ఆయనెందుకు డ్యూటీ నాగా పెట్టిండు? డిగ్రీ చదివినవు, బాయిల కొలువు నీకు మంచిగనే నప్పుతది తియ్."

నవ్వుతూనే అంది. నేను మాత్రం ఆటిజం అన్న ఆ పేరు బాయిలో ఎవరికీ చెప్పొద్దని ఆయనకు గట్టిగా చెప్పాను.

థెరపీ సెంటర్‌లో యూనివర్సిటీ వాళ్లు పరిచయమయ్యారు. ఆటిజం ఉన్న పెద్దవాళ్లు ఉద్యోగాల్లో ఎలా నెగ్గుకొస్తున్నారన్నది వాళ్ల పరిశోధన. నవ్య అనే రీసెర్చ్ స్కాలర్ మా ఇంటికి వచ్చింది. లోపలికి వచ్చాక కూడా చెవుల మీది పెద్ద హెడ్‌ఫోన్లు తీయలేదు. బొగ్గు కంపెనీ పంపిన మనిషేమో, మా మాటలు రికార్డు చేస్తోందేమో అనిపించి అడిగేశాను.

"రికార్డు కాదక్కా. మీ కూలర్ చప్పుడుకు తల పగులుతున్నది. నాక్కూడ ఆటిజమే."

"మరి నిన్ను యూనివర్సిటీల ఎట్ల ఉంచిన్రు?"

"మొదట్ల సెమినార్లల్ల మాట్లాడుతలేదని పక్కకు పెట్టిన్రు. కొట్లాడిన. ఇప్పుడు రాసిస్తున్న, చదువుతున్నరు."

కూలర్ ఆపాను కానీ నమ్మలేదు. పేర్లు బయటికి రావంది, ఇష్టం లేకపోతే మధ్యలో మానుకోవచ్చంది. నేను ఒప్పుకోలేదు. "మనల్ని అడగకుండ మన గురించి రాస్తె ఎట్ల?" అని మా ఆయనే ఒప్పుకున్నాడు.

అంతలో బాయికి కొత్త ఇంజనీరు వచ్చి, ఎప్పుడూ పొద్దటి షిఫ్టులో ఉండే మా ఆయనకు వారం వారం షిఫ్టు మార్చడం మొదలుపెట్టారు. ఆయన అన్నం ముట్టడం మానేశాడు. మాట పోయింది. పాప వచ్చి ఒళ్లో కూర్చున్నా చూడడు. "ఇది షట్‌డౌన్. భారం ఎక్కువైతే మనిషి ఇలా మూసుకుపోతాడు. గని లోపల ఇలా ఉంటే ప్రమాదం. డ్యూటీలో మార్పు అడగండి" అన్నారు సైకాలజిస్ట్. అడగాలంటే పేరు చెప్పాలి. చెబితే కొలువు పోతుంది, చెప్పకపోతే మనిషే పోతాడు.

కాస్త తేరుకున్నాక ఇద్దరం ఇంజనీరు దగ్గరికి వెళ్లాం. పేరు చెప్పి, నేర్చుకొని వెళ్లిన మాటలన్నీ నేనే అప్పజెప్పాను. బాయి పైన ఏదైనా తేలిక పని ఇప్పించమన్నాను. ఇంజనీరు కుర్చీలో వెనక్కి వాలారు.

"ముందు తేలిక పని, తర్వాత అన్‌ఫిట్. ఈ దారి నాకు తెల్వదా అమ్మా?"

అప్పుడు మా ఆయన నేల వైపు చూస్తూ అన్నాడు. "అన్‌ఫిట్ వద్దు సార్. తేలిక పనీ వద్దు. నా పంపు కావాలె. షిఫ్టు ఒకటే ఉండాలె. పని ఒకటొకటి చెప్పాలె, పదిమంది లొల్లిల చెప్తె నాకెక్కది."

"ఒకటే షిఫ్టంటే నైట్ షిఫ్టే ఇస్త. చేస్తవా?"

"చేస్త సార్. మార్చకుంటె చాలు."

పని తప్పించుకోవాలనుకున్నవాడు నైట్ షిఫ్టు ఒప్పుకోడు. ఇంజనీరుకూ అది తెలుసు. "సరే, రేపటి నుంచి రా" అన్నారు.

ఇప్పుడు ఆయన డ్యూటీలో ఉన్నాడు, పాప నిద్రపోయింది, నేను ఇది రాస్తున్నాను. ఆయన వేళకు తింటున్నాడు, నాలుగు మాటలు మాట్లాడుతున్నాడు. పాప నీళ్లు కావాలంటే "నీలు" అంటోంది. ఇంజనీరు ఇచ్చింది నోటిమాటే. ఆ ఇంజనీరు బదిలీ అయితే ఏమవుతుందో తెలియదు. నవ్య వాళ్ల పరిశోధన మాలాంటి వాళ్లకు ఏం చేస్తుందో కూడా తెలియదు. నా అనుమానం పోలేదు.

ఒక్కటి చెప్పగలను. మీ మనిషి కోసం ఏ ఆఫీసు మెట్లు ఎక్కే ముందైనా, ఏం కావాలో ఆ మనిషినే అడగండి. జవాబు అప్పుడే రాదు, మర్నాడు రావచ్చు, రాసి ఇవ్వవచ్చు. అది వచ్చేదాకా బయల్దేరకండి.