జిరాక్సులతో కుప్పం వెళ్తున్న నర్సు

బెంగళూరు ఆస్పత్రిలో కాంట్రాక్టు నర్సులు కావాలన్న కబురు మాకు మొదట తెచ్చింది మా చర్చి సంఘంలోని సుగుణమ్మ. నర్సింగ్ చదివిన మా పాప ఎంపికైంది. ఆ ఆస్పత్రికి నర్సుల్ని పంపే పుంగనూరు ఏజెన్సీలో ఇవ్వడానికి దాని సర్టిఫికెట్లు ఒళ్ళో పెట్టుకుని మదనపల్లెలో బస్సెక్కాను. పక్కన కూర్చున్నామె నా చేతిలోని కవరు వంక చూసింది.

“ఒరిజినల్సా అమ్మా? ఇయ్యద్దు. నేనూ నర్సునే. నావి ఏడు నెలలుగా ఒక ఏజెన్సీ బీరువాలో ఉండాయి. పని మాన్పించిన ఆస్పత్రోళ్ళను, మాన్పించినట్టు లెటరు అడిగితే, ‘నువ్వు ఏజెన్సీ మనిషివి, ఆడికే పో’ అంటారు. ఏజెన్సీవాళ్ళేమో ఆస్పత్రి లెటరు తెస్తేనే సర్టిఫికెట్లంటారు. తిరిగి తిరిగి మూడు జతల చెప్పులు అరగ్గొట్టినా.”

ఆమె జిరాక్సులతోనే కుప్పంలో ఇంటర్వ్యూకి వెళ్తోంది. అయినా పుంగనూరులో నాతోపాటు దిగింది. మా పాప కాగితాలకు జిరాక్సులు తీయించి, ఏజెన్సీ మేనేజరు ముందు పెట్టింది.

“ఒరిజినల్స్ సూసుకో సార్, ఇవి పెట్టుకో.”

“మధ్యలో నువ్వెవరు?”

“ఈయమ్మ చెల్లెల్ని.”

అతను గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ఆ అబద్ధానికి కూడా దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

మేము బస్టాండుకు వచ్చేసరికి కుప్పం బస్సు వెళ్ళిపోయింది.

“నా వల్లే కదా తల్లీ” అన్నాను.

“ఇంకోటి వస్తాదిలేమ్మా” అంటూ గడియారం చూసుకుంది. ఇంటర్వ్యూకి వేళకు చేరిందో లేదో నాకు తెలియదు.

మా పాప ఇప్పుడు పనిలో ఉంది. దాని సర్టిఫికెట్లు మా ఇంట్లో, బైబిలు పక్కనే ఉన్నాయి. ఆమె పేరైనా అడగలేదు నేను. ఇది చదివేవాళ్ళు ప్రార్థనకు కూర్చున్నప్పుడు ఆ నర్సును ఒక్కసారి తలచుకోండి.