పెద్దకుక్క వాటా

సిబియు కొండల్లో అకిం లాంటి మొండిఘటం ఇంకొకడు లేడు. నలభై ఏళ్లు గొర్రెలు కాశాడు, ఏనాడూ ఒకరి ముందు తల వంచలేదు. అలాంటివాడు ఆ నవంబరులో టోపీ చేత్తో పట్టుకుని పశువుల డాక్టరమ్మ ముందు నిలబడ్డాడు. మంద కాసే పెద్దకుక్క కోర్బా రెండు నెలల్లో ఎముకల గూడైపోయింది. తిండి రెట్టింపు తింటోంది. గుండె దడదడ, కంటికి కునుకు లేదు.

రక్తం తీసి పట్నం పంపితే వారానికి కాగితం వచ్చింది.

"థైరాయిడ్ హార్మోను ఉండాల్సినదానికి నాలుగింతలుంది తాతా," అంది డాక్టరమ్మ. "థైరాయిడ్‌ని పని చెయ్యమని తొందరపెట్టేది మెదడు కింద పిట్యూటరీ. అదేమో పూర్తిగా నోరు మూసుకుంది, అయినా హార్మోను ఎక్కణ్ణుంచో వచ్చి పడుతోంది. ఇంతకీ దీనికేం పెడుతున్నావ్?"

అకిం ఎండాకాలం పోయినప్పటి నుంచీ ఇంటి వెనక దొంగచాటుగా గొర్రెలు కోసి అమ్ముతున్నాడు. మాంసం మీద సర్కారు ముద్ర వెయ్యాల్సింది ఈవిడే. కోసిన ప్రతి గొర్రె గొంతూ పెద్దకుక్క వాటా, అది తాతల నాటి ఆనవాయితీ.

"ఏముందమ్మా, మొక్కజొన్న సంకటి, జున్ను తీసిన నీళ్లు."

"పచ్చి మాంసం గానీ..."

"మా మొహాలకి మాంసం కూడానా!" అని నవ్వాడు కూడా, పాపిష్టివాడు.

"అయితే మెడలో కంతే అయ్యుంటుంది. స్కానింగు చేయించాలి."

కంతి అనగానే అకిం ఆశ వదులుకున్నాడు. రొప్పుతున్న కుక్కని చూడలేక నాలుగోరోజున తనే చావు సూది వేయించాడు. తల ఒళ్లో పెట్టుకుని, "పడుకోరా నాయనా, కాసేపు పడుకో" అంటూ ఏడ్చాడు.

ఆ తరవాత గొంతులు మందలో మిగిలిన చిన్నకుక్కకి దక్కాయి. క్రిస్మస్ దాటేసరికి దాని పక్కటెముకలూ తేలాయి. అకిం భార్య సాల్వినాకి ఒళ్లు మండింది.

"ఆ రెండూ తిన్నది గొంతులే కదయ్యా! జరిమానా పడితే పడింది, నిజం చెప్పి చావు!" అని మొగుణ్ణి లాక్కెళ్లి, డాక్టరమ్మ ముందు తనే అంతా కక్కేసింది.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "థైరాయిడ్ ఉండేదే గొంతులో కదమ్మా! గొర్రెది తింటే ఆ హార్మోనంతా కుక్క రక్తంలోకి చేరుతుంది. గొంతులు మానెయ్యండి, నెలలో తేరుకుంటుంది."

అకిం అడిగాడు. "మరి... కోర్బా?"

"అదీ తేరుకునేదే తాతా. నేనడిగాను కదా."

నెల తిరిగేసరికి చిన్నకుక్క నిజంగానే ఒళ్లు చేసింది. తోకాడిస్తూ ఎదురొస్తుంది. అకిం దాన్ని ఒక్కసారీ ముట్టుకోలేదు.