హోటల్ సోంపు డబ్బా

మా మనవరాలికి నలభై రోజులప్పుడు కడుపునొప్పి వచ్చి, కాళ్లు ముడుచుకుని ఒకటే ఏడుపు. సోంపు కాచిన నీళ్లు రెండు చుక్కలు పోస్తే గాలి పోతుందని మా ఇళ్లలో అందరికీ తెలుసు. ఇంట్లో సోంపు నిండుకుంది.

"కొట్టుకెందుకే, నా దగ్గరుందిగా" అంటూ మా ఆయన ఒక రేకు డబ్బా తెచ్చిచ్చారు. ఎక్కడిదో అడక్కుండా గుప్పెడు తీసి నీళ్లలో వేశాను. అది నా బుద్ధి తక్కువ.

మరుగుతుంటే పైన నూనె తెట్టు కట్టింది. గరిటెతో కదిపితే ఒక మెతుకు ఉబ్బి తేలింది. దాని వెనకే పళ్లు కుట్టుకున్న పుల్ల ముక్క. గిన్నె దించేశాను.

"ఏంటండీ ఇది? ఎక్కడిదీ సోంపు?"

"రాజమండ్రి హోటల్‌దే. భోంచేశాక గల్లా దగ్గర పళ్లెంలో పెడతారుగా. వెళ్లినప్పుడల్లా కాస్త పొట్లం కట్టి తెచ్చాను."

ఆ పళ్లెం నేనూ చూశాను. పెరుగన్నం తిన్న చెయ్యి సగం కడుక్కుని, చెంచా పక్కనే ఉన్నా వేళ్లు ముంచుతారు. ఊరందరి ఎంగిలీ అందులోనే.

"మరిగాక ఇంకేముంటుందే?" అన్నారాయన.

"అయితే ముందు మీరు తాగండి" అని గ్లాసులో పోసి చేతికిచ్చాను.

ఏడుస్తున్న పిల్లని ఎత్తుకుని మా అమ్మాయి గుమ్మంలోంచి చూస్తోంది. ఆయన గ్లాసు నోటిదాకా తెచ్చి, లోపలికి చూసి, కింద పెట్టేశారు. సైకిలెక్కి కొట్టుకి వెళ్లారు.

కొత్త సోంపు కాచి, వడగట్టి, చల్లార్చి పోస్తే పిల్ల కాసేపటికి నిద్రపోయింది. మొదట కాచిన గిన్నెని మాత్రం చింతపండు పెట్టి మూడుసార్లు తోమినా నాకు మళ్లీ పొయ్యి మీద పెట్టబుద్ధి కాలేదు. కోళ్లకి నీళ్లు పెట్టడానికి పెరట్లో పడేశాను.