మంగాదేవి కొట్టేసిన వాక్యాలు

నక్సలైట్ల అడవుల అంచునున్న కొంటాలో బట్టల దుకాణం నడిపే మంగాదేవికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపంతోనే ఇరవై ఏళ్లుగా నోటు పుస్తకాలు నింపింది. రెండ్రోజుల కోసం జీపుల్లో వచ్చే పెద్దమనుషులు, సంతకు వచ్చే దోర్ల తెగ ఆడవాళ్ల బతుకులను తోచినట్టు రాసుకుపోతుంటే ఆమెకు ఒళ్లు మండేది. ఆమె పద్ధతి వేరు. ఎవరి కథ రాస్తే వాళ్లనే దుకాణం అరుగు మీద కూర్చోబెట్టి చదివి వినిపించేది. వద్దన్న వాక్యాన్ని వాళ్ల కళ్లముందే కొట్టేసేది.

పుస్తకం రావాలంటే రాతలను ప్రచురణకర్తల దగ్గరకు తీసుకెళ్లే ఏజెంటు ఉండాలన్నారు. మొదట మాట్లాడినాయన ఏం రాశారని అడక్కముందే తుపాకుల సంగతులున్నాయా అన్నాడు. ఆమె ఫోను పెట్టేసింది. హైదరాబాదులో ఉండే మరో ఏజెంటు హరిప్రసాద్ తొందరపడలేదు. నోటు పుస్తకాల ఫోటోలన్నీ తెప్పించుకుని, నెల తర్వాత "అక్షరం వదలకుండా చదివానమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటకు పొంగిపోయి ఒప్పందం మీద సంతకం పెట్టింది.

నిజంగానే అక్షరం వదల్లేదు మహానుభావుడు. ఆరుగురు ప్రచురణకర్తలకు పంపిన నమూనా అధ్యాయం ఆమెకూ పంపాడు. అది సంతలో చింతపండు అమ్మే దేవే అనే దోర్ల ఆమె కథ. పోలీసులు వెతుకుతున్న తమ్ముడు జోగ ఒకనాడు ఇంటికొచ్చి అన్నం తిని పోయాడని చెప్పి, మళ్లీ భయపడి దేవే కొట్టేయించిన నాలుగు వాక్యాలూ పేర్లతో సహా అందులో ఉన్నాయి. మంగాదేవి కొట్టేయడమంటే ఒక సన్నటి గీత. దాని కింద అక్షరాలు నిక్షేపంగా కనిపిస్తాయి.

ఆమె వెంటనే ఫోను చేసింది.

"కొట్టేసిందాన్ని ఎట్ల పెట్టినవ్?"

"అసలు కథ అక్కడే ఉందమ్మా. అది లేకపోతే ఎవరూ తీసుకోరు."

"నీకది కథ. దేవేకు తమ్ముడు. ఆరుగురికీ ఇయ్యాల్నే వాపస్ అడుగు. నాకు పుస్తకమూ వద్దు, నువ్వూ వద్దు."

"అడుగుతాను. కానీ వాళ్లు చదివేశారమ్మా."

నోరు మూసుకుంటే దేవేకు తెలిసేది కాదు. ఆమెకు చదువు రాదు. కానీ ఆ ఆలోచన వచ్చినందుకే మంగాదేవికి తన మీద అసహ్యం వేసింది. సంత రోజు చింతపండు గంపతో వచ్చిన దేవేను అరుగు మీద కూర్చోబెట్టి, హరిప్రసాద్‌ను నోటికొచ్చినట్టు తిడుతూ జరిగిందంతా చెప్పింది.

దేవే తిట్టలేదు, ఏడవలేదు. ఆ పేజీ తెమ్మని, గీత మీద వేలు పెట్టి చూసింది.

"నాకు చదువు రాదక్కా. గీత కొడితే పోయిందనుకున్న. నీకు చదువొచ్చు గద. పోలేదని నీకు తెల్వదా?"