ఒరియా పేజీ

అనకాపల్లి గవరపాలెంలో ఒక సందు చివరనున్న చిన్న చర్చికి వెబ్‌సైటంటూ ఉందంటే అది రాజశ్రీ చలవే. పాస్టర్ ధనరాజ్ గారు తెలుగులో రాసిన ప్రసంగాలు, కూడికల వివరాలు ఇంగ్లీషులోకి మార్చి సైటులో పెట్టేది ఆవిడే. వారమంతా ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పేది. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక చర్చి పక్క వాటాలో ఒక్కతే ఉంటోంది. చర్చి తాళం కూడా ఆవిడ దగ్గరే. ఆరాధన అయ్యాక ఎవరైనా "మీ ఇంగ్లీషు శానా బాగుందండి" అంటే, "నాదేటుందండీ, దేవుడిచ్చిందే" అని తల దించుకునేది గానీ, ఆ ఒక్క మాట కోసం ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసేది.

ఆ ఇంగ్లీషు పేజీ ఎవరు చదువుతున్నారో ఆవిడెప్పుడూ ఆలోచించలేదు. ఇందు వచ్చేదాకా ఆ అవసరం రాలేదు.

అచ్యుతాపురం వైపు కంపెనీల్లో పనిచేసే ఒరియా వాళ్ళు కొందరు ఆదివారాలు చర్చికి రావడం మొదలుపెట్టారు. వెనక బెంచీల్లో కూర్చునేవారు. తెలుగు సరిగ్గా అర్థం కాకపోయినా చివరిదాకా కదిలేవారు కాదు. ఇందు ఒడిశాలోని రాయగడలో పెరిగిన తెలుగు పిల్ల. రైల్వేలో పనిచేసే అతన్ని చేసుకుని అనకాపల్లి వచ్చింది. పాస్టరుగారు అడగ్గానే ఒరియాలో ఒక పేజీ రాయడానికి ఒప్పుకుంది. ఆమె రాసి వాట్సాప్‌లో పంపితే రాజశ్రీ సైటులోకి ఎక్కించేది.

నెల తిరిగేసరికి వెనక బెంచీలు నిండిపోయాయి. ఆ పేజీ లింకు ఒరియా వాళ్ళ ఫోన్లన్నిటిలో తిరుగుతోందట. ఆరాధన అయ్యాక వాళ్ళంతా ఇందు చుట్టూ మూగేవారు. చంటిపిల్లల్ని ఆమె చేతుల్లో పెట్టేవారు. ఒకావిడ ఇంటి నుంచి చేసి తెచ్చిన పిండివంట ఇందు నోట్లో స్వయంగా పెట్టడం చూసి రాజశ్రీ మొహం తిప్పుకుంది. ఇన్నేళ్ళలో తన ఇంగ్లీషు చదివి ఒక్కరూ ఫోను చేయలేదు. ఎక్కడి నుంచీ ఎవరూ రాలేదు. మెచ్చుకున్న వాళ్ళంతా ఆ పేజీ అవసరం లేని తెలుగువాళ్ళే.

అప్పటి నుంచి ఇందు పంపిన ప్రతి పేజీనీ ఫోన్లో తిరిగి తెలుగులోకి మార్చి తప్పులు వెతకడం మొదలుపెట్టింది. ఒకసారి 'మంచి కాపరి' అని ఉండాల్సిన చోట 'మంచి వాచ్‌మేన్' అని వచ్చింది. ప్రాణం లేచొచ్చినట్టయి పాస్టరుగారి దగ్గరికి పట్టుకెళ్ళింది. ఆయన కనుక్కుని, "ఇందు రాసింది సరిగ్గానే ఉందంటమ్మా. నీ ఫోనే తప్పు సెప్తందంట" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు వారం రోజులు రాజశ్రీని వదల్లేదు.

ఆ వేసవిలో ఒరియా కుర్రాడొకడు హైవే మీద లారీ గుద్ది చనిపోయాడు. వచ్చే ఆదివారం సాయంత్రం అతని కోసం చర్చిలో ఆదరణ కూడిక, అంటే సంతాప ప్రార్థన, ఉంటుందని ఒరియా పేజీలోనూ పెట్టారు. అయితే పాస్టరుగారికి ఆ సాయంత్రమే నక్కపల్లి వెళ్ళాల్సిన పని పడటంతో, కూడికను ఉదయం ఆరాధన వెంటనే జరిపేద్దామన్నారు. శుక్రవారం పొద్దు వాలేవేళ ఇందు నుంచి మార్చిన సమయంతో ఒరియా మేటరు వచ్చింది. కింద, "అక్కా, ఇది ఇప్పుడే పెట్టండి. వాళ్ళు పేజీయే సూసుకుంటారు" అని ఉంది.

రాజశ్రీ చదివింది. ఫోను బోర్లా పెట్టి పిల్లల పరీక్ష పేపర్లు ముందేసుకుంది. అన్నం తిన్నాక పెడదాంలే అనుకుంది. తిన్నాక, పొద్దున్న పెడదాంలే అనుకుంది. శనివారం సైటు తెరిచి తన ఇంగ్లీషు పేజీలో సమయం మార్చింది. ఒరియా పేజీ మీద వేలు ఆగింది. ఒక్కసారి ఆ పిల్ల మాట కూడా ఎవరికీ చేరకుండా పోతే ఎలా ఉంటుందో తెలియాలనిపించింది. ఫోను కట్టేసింది.

ఆదివారం ఉదయం వెనక బెంచీలు ఖాళీ. సాయంత్రం కూడికకు ఎలాగూ వస్తాం కదా అని ఒరియా వాళ్ళెవరూ ఉదయం ఆరాధనకు రాలేదు. అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళడంతో ఇందు కూడా రాలేదు. వాళ్ళకు వీలుపడలేదేమో అనుకుని పాస్టరుగారు క్లుప్తంగా ప్రార్థన చేసి ముగించారు.

సాయంత్రం ఆటోలు వరసగా సందులోకి వచ్చాయి. ఉతికిన బట్టలతో మగవాళ్ళు, ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య ఇద్దరి భుజాలు పట్టుకుని దిగిన ఒక ముసలామె. చనిపోయిన కుర్రాడి తల్లి. చర్చికి తాళం వేసి ఉండటం చూసి ఆమె గుమ్మంలోనే చతికిలబడింది. రాజశ్రీ పరుగున వెళ్ళి తలుపులు తీసింది, ఫ్యాన్లు వేసింది. మాట్లాడాలంటే ఒక్క ముక్క రాదు. ఇంగ్లీషులో "సారీ" అంది. ఆ తల్లి అర్థంకానట్టు చూసింది. చేసేది లేక ఇందు నంబరుకే ఫోను చేసింది.

ఇందు ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చేసింది. ముసలామె పక్కన నేల మీద కూర్చుంది. ఒరియా బైబిలు చదివి, తనకు తెలిసినట్టు ప్రార్థన చేసింది. తల్లి కొడుకు గురించి ఏవేవో చెప్పుకుంది. అందరూ ఏడ్చారు. రాజశ్రీకీ కన్నీళ్ళు వచ్చాయి గానీ, ఆ ఏడుపులోనూ ఇందు భుజం మీద వాలిన ఆ తల్లి తలను చూస్తూ, తన దగ్గరికి ఎవరూ రాలేదే అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అందరూ వెళ్ళాక ఇందు బెంచీలు సర్దుతూ అంది, "అక్కా, శుక్రవారమే పంపేను కదా. నీలం టిక్కులు పడ్డాయి."

"సూసేను."

"మరేటి, మర్చిపోయేరా?"

అవునంటే అక్కడితో అయిపోయేది. "మర్చిపోలేదు" అంది రాజశ్రీ. "నువ్వంటే కుళ్ళు నాకు. అందరూ నీ సుట్టూ సేరుతుంటే సూడలేక ఆపేసేను."

ఇందు సర్దుతున్న బెంచీని అక్కడే వదిలేసింది. "ఆవిడ ఊరి నుంచి రాత్రంతా రైల్లో నిలబడి వచ్చిందక్కా" అని మాత్రం అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు రాజశ్రీ సైటు పాస్‌వర్డు ఇందు ఫోనుకు పంపేసింది. పాస్టరుగారికి ఫోను చేసి, తప్పు తనదేనని చెప్పింది. ఆయన కారణం అడగలేదు. అడిగితే నిజం చెప్పేదో లేదో ఆవిడకే తెలియదు. ఇందు చాన్నాళ్ళు ముభావంగానే ఉంది. వందనాలు చెప్పేది, ఆగేది కాదు.

వర్షాలు మొదలయ్యాక ఒక ఆదివారం తనే వచ్చి, "అచ్యుతాపురంలో వాళ్ళ రూముల దగ్గర ప్రార్థన పెట్టుకున్నారు. వత్తారా?" అని అడిగింది. రాజశ్రీ వెళ్ళింది. ఇరుకు గదిలో చాప మీద కూర్చుంటే చుట్టూ అంతా ఒరియా. అర్థంకాని మాటల మధ్య మొహం మీద నవ్వు నిలుపుకుని కూర్చోవడం ఎంత కష్టమో వెనక బెంచీల వాళ్ళను చూసినన్నాళ్ళూ ఆవిడకు తోచలేదు. ఇందు పక్కకు జరిగి, చెవి దగ్గర ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పసాగింది.

ఒకావిడ చాలాసేపు మాట్లాడింది. అందరూ ఇందు వైపు చూసి నవ్వారు. ఇందు మాత్రం, "ఊరికే, నేను మంచిగా రాత్తన్నానని అంటంది" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. అంతసేపు పొగిడిన మాటల్లో ఇందు ఏం దాచిందోనని రాజశ్రీకి లోపల గుచ్చుకుంటూనే ఉంది. అయినా చెవి మాత్రం అవతలికి తిప్పుకోలేదు.