పార్తినా ఇంటి పెళ్ళి

తప్పు నాదే. లేని పెళ్ళికి శుభలేఖ తయారుచేసి, వాట్సాప్‌లో మా వీధి మొత్తానికీ పంపింది నేనే. ముందే చెప్పేస్తే తిట్టుకోవడానికి మీకు వీలుగా ఉంటుంది.

పోయిన నెల, సైకిళ్ళు బాగుచేసే వర్సితో అనే బాబాయికి తెలియని నంబరు నుంచి పెళ్ళి పిలుపు వచ్చింది. నొక్కితే శుభలేఖకు బదులు ఏదో యాప్ ఫోన్లోకి దిగింది. మెసేజీలు చదవనిస్తావా అని అడిగితే సరే అన్నాడు. బ్యాంకు పంపే ఓటీపీలన్నీ దొంగల చేతికి చేరాయి, ఖాతా ఊడ్చుకుపోయింది. మా క్లాతెన్ వైపు పెళ్ళి పిలుపును కాదనడం మహా తప్పు. ఆ సంగతి దొంగలకు మాకంటే బాగా తెలుసు. తెలియని నంబరు నుంచి పిలుపొస్తే తెరవొద్దని వీధి పెద్దాయన మసీదు మైకులో కూడా చెప్పించాడు.

ఎవరు విన్నారో చూద్దామని నాకు దురద పుట్టింది. ఉత్త బొమ్మ శుభలేఖ ఒకటి చేసి, కొత్త సిమ్ము నుంచి పంపాను. పెళ్ళికూతురి తల్లి పేరు పార్తినా అని నోటికొచ్చింది రాశాను. అట్టడుగున చీమతలకాయంత అక్షరాల్లో "దొరికిపోయారు! ఇదంతా ఉత్తదే. ఇంకోసారి తెరవకండి" అని పెట్టాను. సగం మంది నవ్వారు, సగం మంది బూతులు పంపారు. చివరింటి రుమియాతి పిన్ని మాత్రం ఉలకలేదు, పలకలేదు. గట్టి మనిషే, తెరవలేదన్నమాట అనుకున్నాను.

రుమియాతి తెరిచింది. తెరిచి, పేరు దగ్గరే ఆగిపోయింది.

ఒకప్పుడు ఆమె లేకుండా ఈ చుట్టుపక్కల పెళ్ళివంట సాగేది కాదు. ఐదువందల మందికి అన్నం, కొలత లేకుండా, వేలు ముంచి నీళ్ళు చూసి వండేసేది. మూడు రోజుల ముందే ఇంటికొచ్చి బతిమాలి తీసుకెళ్ళేవారు. తర్వాత వ్యాన్లలో వంట దించే కాంట్రాక్టర్లొచ్చారు. వంటకు పిలవడం మానేసినవాళ్ళు, మొగుడు పోయాక తినడానికి పిలవడం కూడా మరిచిపోయారు. నాలుగు వానాకాలాలు గడిచాయి. ఫోన్లో వచ్చేవల్లా రీఛార్జి మెసేజీలు, గ్రూపులో శుభోదయం పూలు.

నలభై ఏళ్ళ కిందట బాతిక్ అద్దకం షెడ్డులో, ఒకే మైనం మూకుడుకు అటొకరు ఇటొకరు కూర్చున్నప్పుడు ఒక పార్తినా ఉండేది. పెళ్ళయి సముద్రం దాటి సుమత్రా దీవికి వెళ్ళిపోయింది. 'వచ్చేసిందన్నమాట. కూతురి పెళ్ళికి నన్ను తలుచుకుంది' అనుకుంది రుమియాతి. నంబరు ఎవరిచ్చారన్న ప్రశ్న వచ్చింది గానీ, దాన్ని ఆమె కూర్చోమనలేదు. తేదీ, చోటు మళ్ళీ మళ్ళీ చదువుకుంది. చూపు ఆ అడుగు అక్షరాలదాకా పోనేలేదు.

ఆదివారం పొద్దున్నే పెట్టెలోంచి కెబాయా రవిక తీసి, నడుము దగ్గర కుట్టు వదులు చేసుకుంది. పాతకాలపు ఆడవాళ్ళలాగే పెళ్ళివారికి ఇవ్వడానికి బుట్టలో బియ్యం, సేమియా, చక్కెర సర్ది గుడ్డ కట్టింది.

"ఎక్కడికి వదినా, ఇంత సింగారం?" పక్కింటి తుమిని అడిగింది.

"పెళ్ళికి. పిలిచారు."

"ఎవరు?"

"నా స్నేహితురాలు. నీకు తెలీదులే."

ఇతరులకు తెలియనిదంటూ ఒకటి తన దగ్గరుండి ఎన్నాళ్ళయిందో. బస్సెక్కేదాకా ఆ మాటే నెమరేసుకుంది.

శుభలేఖలో రాసిన సుంబర్‌వారు అనే ఊరి హాలుకు తాళం వేసి ఉంది. ముసలి కాపలాదారు ఆకులు ఊడుస్తున్నాడు.

"పెళ్ళా? ఇవాళ ఇక్కడేం లేదే అమ్మా."

"పదింటికి కదా. ఇంకా దిగలేదేమో."

అతను కుర్చీ వేశాడు. ఆమె బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పదకొండయింది. శుభలేఖలోని నంబరుకు చేస్తే ఫోను ఆపేసి ఉంది. అతను ఫోన్ అడిగి తీసుకుని, ఎండకు చెయ్యి అడ్డం పెట్టి చూశాడు.

"అమ్మా, అడుగున ఇంకేదో ఉంది..." అని చదివాడు. ఆమె ఇంకోసారి చదవమంది. చదివాడు.

"మరి పార్తినా?"

"ఎవరూ లేరమ్మా. ఎవడో కొంటె వెధవ పని."

ఆమె వెంటనే లేవలేదు. కుర్చీ ఎలాగూ వేశారు కదా, ఇంకాసేపు కూర్చుంది.

తిరుగు బస్సులో కండక్టరు బుట్టనూ, రవికనూ చూసి పలకరించాడు. "పెళ్ళి భోజనం ఎట్లా ఉంది పిన్నీ?"

"బాగుంది. అన్నమే కాస్త పలుకు."

పిన్ని సింగారించుకుని ఏదో పెళ్ళికి వెళ్ళిందని తుమిని చెబితే సంగతి అర్థమై, సాయంత్రం వెళ్ళాను. పిన్ని బియ్యం తిరిగి డబ్బాలో పోసుకుంటోంది.

"పిన్నీ, అది పంపింది నేనే."

డబ్బా మీద మూత పెట్టింది. నేను అక్కడితో నోరు మూసుకుంటే పోయేది. "డబ్బేం పోలేదుగా. అదే నిజం దొంగయితే? తెలియని నంబరు తెరవొద్దని ఎన్నిసార్లు చెప్పాం?" అన్నాను.

"తెలిసిన నంబర్లూ ఉన్నాయిరా దనంగూ, నా ఫోన్లో. నీదీ ఉంది. పోయినేడు సోలో పట్నంలో మీ అక్క పెళ్ళి చేశారు కదా, నీ నంబరు నుంచి ఒక్క పిలుపొచ్చిందా?"